ఆరు పాటలు, ఒకే గది: మెంఫిస్‌లో గాస్పెల్-బ్లూస్ ఆల్బమ్ పని డైరీ

చర్చిలోనో, భజన మందిరంలోనో, కమ్యూనిటీ హాల్లోనో పది పదిహేను మందిని కూర్చోబెట్టి పాట రికార్డు చేద్దామనుకునేవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. గాస్పెల్ (నల్లజాతి చర్చిల భక్తిపాట), బ్లూస్ (వాళ్లదే లౌకికమైన పాట) కలిపిన మా ఆల్బమ్ ఆలోచన ఎలా పుట్టింది, ఎంత సంబరపడ్డాం అనేవి వదిలేశాను. ఎక్కడ చెడింది, ఎంత చెడింది, ఏం మార్చాక దారికొచ్చింది అన్నంత వరకే.

మనుషులు వీళ్లు. అమెరికాలోని మెంఫిస్‌లో ఒక ఆఫ్రికన్ అమెరికన్ బాప్టిస్టు చర్చి క్వయర్ (బృందగాయకులు), 14 మంది. దాన్ని నడిపే ఆవిడను అందరూ సిస్టర్ అంటారు, నేనూ అంతే. ఆర్గాన్ డీకన్ (చర్చి పరిచారకుడు) గారిది, ఆయనకు 71 ఏళ్లు. డ్రమ్మర్‌కు 19. బేస్ గిటార్ ఆయన వారమంతా బ్లూస్ బ్యాండ్లలో వాయించి ఆదివారం చర్చికి వస్తాడు. గిటారు, రికార్డింగు నావి. స్టాండ్లు మోసేది మా బావమరిది. నేను గుంటూరు లూథరన్ చర్చిలో హార్మోనియం పక్కన కూర్చుని పెరిగినవాణ్ణి, ఇప్పుడు సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. మొదటి రెండు నెలలు మమ్మల్ని ముంచింది ఆ ఉద్యోగం నేర్పిన బుద్ధే.

మొదటి దశ: పాటలు, హక్కులు, సామాను
జనవరి 11, 2025, శనివారం

ఎనిమిది పాటలు అనుకుని ఆరుకు దిగాం. రెండు పాత స్పిరిచ్యువల్స్ (బానిసత్వం నాటి నల్లజాతి భక్తిగీతాలు), నాలుగు సొంతం. చెవికి పాతగా ఉంటే చాలదు, అచ్చయిన సంవత్సరం చూసుకోవాలి. అమెరికాలో 2025 నాటికి, 1930కి ముందు అచ్చయిన పాటల రచన మీద హక్కులు తీరిపోయాయి. ‘వేడ్ ఇన్ ద వాటర్’ 1901లోనే అచ్చయింది కాబట్టి బెంగ లేదు. థామస్ డోర్సీ 1932లో భార్యనూ పసిబిడ్డనూ పోగొట్టుకుని రాసిన పాట కూడా కావాలని క్వయర్ అడిగింది. అది ఇంకా హక్కుల కింద ఉంది.

చిక్కు డబ్బుతో కాదు. ఒకరి పాటను మనం రికార్డు చేసుకునే లైసెన్సుకు, 5 నిమిషాల లోపు పాటైతే 2025 రేటు కాపీకి 12.7 సెంట్లు. 300 సీడీలకు 38 డాలర్ల 10 సెంట్లు. 5 నిమిషాలు దాటితే నిమిషాల లెక్కన పెరుగుతుంది. అసలు గొడవ ఏమిటంటే, ఆ పాటకు నేనొక తెలుగు చరణం కలపాలనుకున్నాను. ఆ లైసెన్సు పాటను మన పద్ధతిలో పాడుకోనిస్తుంది, మాటలు అనువదించుకోనివ్వదు. దానికి ప్రచురణకర్త అనుమతి విడిగా తెచ్చుకోవాలి. ఆ పాట మానేశాం. తెలుగు చరణం మా సొంత పాటలోకి వెళ్లింది.

డోర్సీ పేరు మాత్రం పనికొచ్చింది. చర్చి పెద్దల్లో ఒకరు “పుల్పిట్ (ప్రసంగ వేదిక) ముందు బ్లూస్ ఏమిటి?” అని అడ్డం తిరిగారు. డీకన్ గారు వాదించలేదు. గాస్పెల్‌కు తండ్రి అని మనం చెప్పుకునే డోర్సీ, అంతకు ముందు జార్జియా టామ్ పేరుతో బ్లూస్ గాయని ‘మా’ రెయినీ వెనక బ్లూస్ పియానో వాయించినవాడేగా అన్నారు, అంతే. అనుమతి మూడు షరతులతో వచ్చింది: లోపల మందు ఉండకూడదు, శనివారం రాత్రికల్లా వైర్లన్నీ తీసేయాలి, ప్రతి పాటలో ఎక్కడో ఒకచోట దేవుడు ఉండాలి.

సామాను:
1. రీపర్ అనే రికార్డింగ్ సాఫ్ట్‌వేర్ లైసెన్సు, 60 డాలర్లు.
2. పాత 16 చానెళ్ల డిజిటల్ మిక్సర్, 650.
3. చిన్న కండెన్సర్ మైకుల జత, రెండు ఎస్‌ఎం57లు, అన్నీ సెకండ్ హ్యాండ్, 280. (చర్చివి ఆరు ఎస్‌ఎం58 మైకులు ఎలాగూ ఉన్నాయి.)
4. కేబుళ్లు, స్టాండ్లు, 190.

24 బిట్, 48 కిలోహెర్ట్జ్‌లో 16 ట్రాకులు రికార్డు చేస్తే గంటకు 8.3 జీబీ అవుతుంది. పెద్ద డిస్కు ముందే కొనిపెట్టుకోండి.

ఇప్పటిదాకా: 1,180 డాలర్లు, 9 గంటలు, పనికొచ్చిన పాటలు 0.

రెండో దశ: క్లిక్‌తో కుస్తీ
జనవరి 25 నుంచి ఫిబ్రవరి 22 వరకు

నా ప్లాను ఇది: ముందు డ్రమ్స్, తర్వాత బేస్, తర్వాత ఆర్గాన్, చివర క్వయర్. అందరికీ హెడ్‌ఫోన్లలో ఒకే క్లిక్ (తాళం తప్పకుండా టిక్ టిక్‌మనే చప్పుడు). దేనికది విడిగా ఉంటే తర్వాత ఏది కావాలంటే అది మార్చుకోవచ్చు కదా. కోడ్ రాసేవాడి బుద్ధి.

మొదటి పాట నెమ్మదిగా నడిచే 12/8 బ్లూస్, క్లిక్ నిమిషానికి 58. డ్రమ్స్, బేస్ ఒక పూటలో అయిపోయాయి. ఆర్గాన్ దగ్గర డీకన్ గారు ఒక చెవి హెడ్‌ఫోను తీసేశారు. క్వయర్ దగ్గర 11 టేకులు తీశాం. ఒక్కటీ కుదరలేదు. ఇంటికొచ్చి కొలిస్తే క్వయర్ క్లిక్ కంటే 40 నుంచి 70 మిల్లీసెకన్లు వెనక ఉంది, ప్రతి టేకులోనూ. తప్పు పాడుతున్నారనుకుని గొంతులన్నీ జరిపి గీత మీద పెట్టాను. లెక్క ప్రకారం సరిపోయింది. వింటే రైల్వే స్టేషన్ ప్రకటనలా ఉంది.

అప్పుడు చేసింది, ముందే చేసి ఉండాల్సిన పని. క్లిక్ లేకుండా చేసిన రిహార్సల్ ఫోన్‌లో ఉంటే దాన్ని కొలిచాను. చరణాల్లో 57, 58. వ్యాంప్‌లోకి (అంటే పల్లవి ముక్కనొకదాన్ని పట్టుకుని తిప్పి తిప్పి పాడే భాగంలోకి) దిగగానే 61. చివరి రెండు నిమిషాల్లో 65. మన భజనల్లో చివరికి దరువు ఎక్కినట్టే. పాట ఎక్కాల్సిన మెట్లన్నిటినీ నా క్లిక్ చదును చేసేసింది.

రెండో ప్రయత్నం: ఆ వేగాలే క్లిక్‌లో పెట్టి మెల్లగా పెరిగేలా చేశాను. ఇదీ పోయింది. వ్యాంప్ ఎన్నిసార్లు తిరగాలో ఎవరికీ ముందు తెలియదు. సిస్టర్ చెయ్యి ఎత్తి పిడికిలి బిగిస్తే ఆగాలి, వేలు తిప్పితే ఇంకో చుట్టు. ఒకరోజు 8 చుట్లు, ఇంకోరోజు 14. కంప్యూటర్‌కు ఆ వేలు కనపడదు.

మార్చింది:
1. క్లిక్ తీసేశాం. డ్రమ్మర్ ముందు లైటు మెట్రోనోమ్ నాలుగు దెబ్బలు చూపించి ఆగిపోతుంది.
2. ఎనిమిది జతల చవక హెడ్‌ఫోన్లు, వాటి యాంప్ (230 డాలర్లు దండగ) అటకెక్కాయి.
3. విడివిడిగా రికార్డు చేసే ప్లాను రద్దు. అందరూ ఒకే గదిలో, ఒకేసారి.

మూడోది రాయడం తేలిక. దానివల్ల వచ్చిన తలనొప్పులే మిగతా డైరీ అంతా.

ఇప్పటిదాకా: 1,555 డాలర్లు (తిండి ఖర్చు 145 కలిపి), 41 గంటలు, పాటలు 0.

మూడో దశ: శ్రుతి
మార్చి 8 నుంచి 22 వరకు

అందరూ కలిసి వాయించగానే మొదట బయటపడింది పియానో. ఆర్గాన్‌తో కలిసి మోగితే పుండు మీద చెయ్యేసినట్టు ఉంది.

చర్చిలోది హామండ్ సీ-3 ఆర్గాన్. లోపల కరెంటు మోటారు తిప్పే పళ్ల చక్రాలుంటాయి. స్వరం వాటి వేగం నుంచి పుడుతుంది, ఆ మోటారు వేగం కరెంటు ఫ్రీక్వెన్సీకి కట్టుబడి ఉంటుంది. కరెంటు 60 హెర్ట్జ్ ఉన్నంతకాలం ఆర్గాన్ 440 నుంచి కదలదు, శ్రుతి చేయడానికి మరలూ లేవు. కాబట్టి మిగతా గది అంతా దాని దగ్గరికి రావాలి. పియానో కొలిస్తే 440 ఉండాల్సిన స్వరం 435.2 దగ్గర ఉంది, 19 సెంట్లు తక్కువ. (పక్క పక్క మెట్ల మధ్య దూరం 100 సెంట్లు.)

పియానో ఒక్కదాన్నే సాఫ్ట్‌వేర్‌లో పైకి లాగుదామనుకున్నాను. గది మైకులన్నిట్లోనూ పాత పియానో వినబడుతూనే ఉంటుందని బావమరిది గుర్తుచేశాడు. ట్యూనర్‌ను పిలిచాం. ఇంత దిగిపోయినదాన్ని ఒకేసారి సరిచేస్తే నిలవదని, ముందు మొత్తం పైకి లాగి, తర్వాత రెండోసారి నాజూగ్గా చేశాడు. 220 డాలర్లు. వారం తర్వాత 439. ఆ 4 సెంట్ల తేడాకు ఎవరి ప్రాణమూ పోలేదు.

మన వైపు ఎవరైనా అమెరికా నుంచి ఇలాంటి ఆర్గాన్ తెప్పించుకుంటుంటే ఒక మాట. ట్రాన్స్‌ఫార్మర్ పెడితే వోల్టేజీ సరిపోతుంది, శ్రుతి సరిపోదు. 60 కోసం చేసిన మోటారు మన 50 హెర్ట్జ్ మీద నెమ్మదిగా తిరిగి మూడు మెట్లకు పైనే కిందికి దిగిపోతుంది. ఫ్రీక్వెన్సీ మార్చే కన్వర్టర్ కావాలి.

ఇంకొకటి, ఇది నా పరువు తక్కువ. స్టార్టు స్విచ్ ఎనిమిది సెకన్లు పట్టుకుని, అది వదలకుండానే రన్ స్విచ్ వేసి, ఇంకో నాలుగు సెకన్లకు స్టార్టు వదలాలి. నేను బల్బు స్విచ్ వేసినట్టు టక్కున వేసి, ఆర్గాన్ చెడిపోయిందని అందర్నీ టెన్షన్ పెట్టాను.

ఇప్పటిదాకా: 1,775 డాలర్లు, 52 గంటలు, పాటలు 0.

నాలుగో దశ: పద్నాలుగు గొంతులు, రెండు మైకులు
మార్చి 29 నుంచి మే 3 వరకు (ఈస్టర్ ముందు రెండు వారాలు సెలవు)

మొదట స్టూడియో అద్దెకు తీసుకుందామా అన్న మాట వచ్చింది. ఈ ఊరికి పేరు తెచ్చిన స్టాక్స్, రాయల్ రెండూ పాత సినిమా హాళ్లలో పెట్టిన స్టూడియోలేనని బేస్ ఆయన చెప్పాక ఆ మాట మళ్లీ ఎవరూ ఎత్తలేదు. మా హాలుకేం తక్కువ? బెలూన్ పగలగొట్టి ప్రతిధ్వని కొలిచాం: ఖాళీ హాల్లో 1.6 సెకన్లు. ఎక్కువేమో అని కిటికీలకు బొంతలు కట్టాను. 1.1కి వచ్చింది. క్వయర్ రెండు లైన్లు పాడి ఆపేసింది. “గదిని చంపేశావు బాబూ” అన్నారు సిస్టర్. బొంతలు విప్పేశాం.

క్వయర్ మైకుల విషయంలో నా చెవే నాకు అడ్డం. మన కీర్తనలు అందరం ఒకే వరసలో పాడతాం. ఇక్కడ సొప్రానో (ఆడవాళ్ల హెచ్చు గొంతు), ఆల్టో (ఆడవాళ్ల తగ్గు గొంతు), టెనార్ (మగవాళ్ల హెచ్చు గొంతు) మూడు వరసలు. గాస్పెల్ క్వయర్‌లో బేస్ (మగవాళ్ల తగ్గు గొంతు) వరస సాధారణంగా విడిగా ఉండదు, మగవాళ్లంతా టెనారే. ఏ వరస తగ్గిందో నాకు తెలిసేది కాదు. అందుకని ముగ్గురు నలుగురికి ఒక మైకు చొప్పున నాలుగు పెట్టాను, నోటికి 60 సెంటీమీటర్ల దూరంలో, మైకుకూ మైకుకూ మధ్య 90. నాలుగూ కలిపి వింటే అందరూ పైపులోంచి పాడుతున్నట్టుంది.

కారణం తెలుసుకోవడానికి రెండు రాత్రులు పట్టింది. ఒకే గొంతు రెండు మైకుల్లో పడుతోంది. రెండింటికీ దూరంలో తేడా 34 సెంటీమీటర్లు ఉంటే శబ్దం రెండోదానికి 1 మిల్లీసెకను ఆలస్యంగా చేరుతుంది. రెండూ కలిపితే 500 హెర్ట్జ్ దగ్గర ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి, సరిగ్గా గొంతు నిండుతనం ఉండే చోట. మైకుల మధ్య దూరం, నోటికీ మైకుకూ మధ్య దూరానికి కనీసం మూడు రెట్లు ఉండాలనేది పాత నియమం. నాది ఒకటిన్నర రెట్లు.

చివరికి నిలిచిన అమరిక:
1. కండెన్సర్ జత ఒక్కటే. 17 సెంటీమీటర్ల ఎడం, మధ్య కోణం 110 డిగ్రీలు. ముందు వరసకు 2 మీటర్లు, ఎత్తు 2.4 మీటర్లు.
2. సిస్టర్‌కు విడిగా చేతిలో ఎస్‌ఎం58. లాక్కుంటే ఊరుకోరు.
3. డ్రమ్స్ ఆ జతకు సరిగ్గా వెనక. ఈ మైకులు వెనక నుంచి తక్కువ వింటాయి. పైగా డ్రమ్మర్‌కు క్వయర్ ముఖాలు, సిస్టర్ చెయ్యి ఎదురుగా కనబడతాయి.
4. డ్రమ్స్‌కూ క్వయర్‌కూ మధ్య 8 మీటర్ల నుంచి 3.5 మీటర్లకు తగ్గింపు. 8 మీటర్లలో దెబ్బ వాళ్ల చెవికి 23 మిల్లీసెకన్లు ఆలస్యంగా చేరేది, ఇప్పుడు 10.
5. డ్రమ్స్ కింద రగ్గులు (85 డాలర్లు), మామూలు పుల్లల బదులు సన్న పుల్లల కట్టలు.

క్వయర్ మైకుల్లో పడే డ్రమ్స్ శబ్దం గొంతుల కంటే 9 డెసిబెల్స్ తక్కువ ఉండేది, ఇప్పుడు 15 తక్కువ. ఇంకా తగ్గించాలని ఆర్గాన్ తిరుగుడు స్పీకర్‌ను (లెస్లీ) పక్క గదిలో పెట్టి తలుపేశాను. డీకన్ గారు పది నిమిషాలు వాయించి చేతులు ఒళ్లో పెట్టుకున్నారు. ఆ స్పీకర్ నెమ్మది నుంచి వేగానికి మారేటప్పుడు ఆ ఊపు చూసే క్వయర్ ఊపిరి తీసుకుంటుందట. స్పీకర్ వెనక్కి వచ్చింది. పైన 30 సెంటీమీటర్ల దూరంలో ఒక్క మైకు, కింద ఒకటి. పైన రెండు మైకులు పెట్టి చెరో పక్కకు తిప్పితే కళ్లు తిరిగినంత పనైంది.

ఇక తెలుగు. సొంత పాటలో తెలుగు లైను: “ఒడ్డుకు చేర్చు నాయనా.” మొదటి రోజు క్వయర్ “ఓడుకు చేర్చు” అంది. ఒడ్డు పోయి ఓటమి వచ్చింది. ద్విత్వం వాళ్ల నోటికి రాక కాదు, ఎక్కడ ఆగాలో చెప్పడం నాకు రాలేదు. ఎన్నిసార్లు పలికి చూపించినా అంతే. ఆల్టో వరసలోని పెద్దావిడే ఉపాయం చెప్పింది: “చప్పట్లు ఎక్కడ పడతాయో చెప్పు, మాట సంగతి మేం చూసుకుంటాం.” గాస్పెల్ చప్పట్లు రెండో దెబ్బ మీద, నాలుగో దెబ్బ మీద పడతాయి. “ఒ” ముందు ఎత్తుగడగా ఉంచి “డ్డు” సరిగ్గా రెండో దెబ్బ చప్పట్ల మీద పడేలా వరస మార్చాను. చేతులు కలిసే ముందు నాలుక ఆగింది. 14 మందీ “ఒడ్డుకు” అన్నారు. మా అమ్మకు ఫోన్‌లో వినిపిస్తే, ఆ గొంతులు ఏ ఊరివని అడిగింది.

మే 3 నాటికి రెండు పాటలు నిలిచాయి, ఒకటి 4వ టేకు, ఒకటి 3వది.

ఇప్పటిదాకా: 2,020 డాలర్లు (రగ్గులతో పాటు మిగతా ఖర్చులూ కలిపి), 74 గంటలు, 2 పాటలు, 10 నిమిషాల 20 సెకన్లు.

ఐదో దశ: జనరేటర్ రాత్రి
మే 17, శనివారం

మధ్యాహ్నం గాలివాన, వీధంతా కరెంటు పోయింది. అందరూ అప్పటికే వచ్చేశారు. చర్చి వెనక పేదల భోజనాల ఫ్రిజ్ కోసం ఉంచిన జనరేటర్ ఉంది, దానికే ఆర్గాన్‌నూ మిక్సర్‌నూ తగిలించాం. ఏసీ లేదు. తలుపులు తీసి, బయట వాన, లోపల 14 మంది విసనకర్రలు.

బేస్ ఆయన శ్రుతి చూసుకుని మొహం చిట్లించాడు. ఆర్గాన్ 451 దగ్గర మోగుతోంది. జనరేటర్ 60 కాదు, 61.5 హెర్ట్జ్ ఇస్తోంది. అంటే 43 సెంట్లు ఎక్కువ, సగం మెట్టుకు కొంచెం తక్కువ. ఈ పాటలో పియానో లేదు. బేస్, గిటార్ రెండూ ఆర్గాన్‌కే కలిపేసి వాయించేశాం. క్వయర్‌కు ఎలాగూ చెవే శ్రుతి.

ఆ రోజు రెండో టేకు మొత్తం ఆల్బమ్‌లో అన్నిటికంటే మంచిది. ఇంటికొచ్చి వింటే 3వ నిమిషంలో మూడు సెకన్ల పాటు ఆర్గాన్ జారుతోంది. తీగ తెగిందా, మనిషి తూలాడా అని నాలుగైదుసార్లు వెనక్కి తిప్పి విన్నాను. ఫ్రిజ్! కంప్రెసర్ ఆన్ కాగానే జనరేటర్ మీద బరువు పడి 60.6కు తగ్గింది, ఆర్గాన్ 26 సెంట్లు దిగింది. క్వయర్ మాత్రం ఆర్గాన్‌తో దిగలేదు. ఉన్నచోటే నిలబడింది, జనరేటర్ మళ్లీ పుంజుకునేదాకా.

చేసింది:
1. పాట మొత్తాన్ని టేప్ నెమ్మది చేసినట్టు 97.6 శాతం వేగానికి దించాను. శ్రుతి 440కి వచ్చింది. వేగం 64 నుంచి 62.4కు తగ్గింది, 5 నిమిషాల 40 సెకన్ల పాట ఎనిమిదిన్నర సెకన్లు సాగింది. గొంతులు కొంచెం బరువెక్కాయి. నాకు నచ్చింది, టెనార్లకు ఇంకా నచ్చింది.
2. జారిన మూడు సెకన్లకు ఆర్గాన్ మైకులు తగ్గించేశాను. మిగతా మైకుల్లో కొంచెం వినబడుతుంది. ఉంచేశాం.

జనరేటర్‌తో పని పడితే: ఫ్రిజ్ లాంటి ఆగి ఆగి తిరిగే సామాను దానికి తగిలించకండి. ఇన్వర్టర్ రకం జనరేటర్ అయితే ఫ్రీక్వెన్సీ ఇలా ఊగదు.

ఇప్పటిదాకా: 2,102 డాలర్లు (పెట్రోలు 22, తిండి 60 కలిపి), 80 గంటలు, 3 పాటలు, 16 నిమిషాల 8 సెకన్లు.

ఆరో దశ: గాంధారం తగాదా
జూన్ 7 నుంచి 28 వరకు

మిగతా మూడు పాటల టేకులు ఈ నెలలోనే అయ్యాయి. అమరిక కుదిరాక ఒక్కోటి ఒక పూట పని, వాటి గురించి చెప్పుకోవడానికేమీ లేదు. చెప్పుకోవాల్సింది గాంధారం (సరిగమల్లో ‘గ’) సంగతి.

నా గిటారుకూ ఆర్గాన్‌కూ ఒకే స్వరం దగ్గర పడటం లేదు. బ్లూస్‌లో గిటారు తీగను లాగి వాయించే గాంధారం, సాధారణ గాంధారానికీ (తగ్గు ‘గ’) అంతర గాంధారానికీ (హెచ్చు ‘గ’) మధ్య ఎక్కడో ఉంటుంది. సిస్టర్ గొంతూ అక్కడే నిలుస్తుంది. ఆవిడ పాడింది కొలిస్తే అంతర గాంధారం కంటే 35 సెంట్లు కింద. ఆర్గాన్‌కు మధ్యలో మెట్టు లేదు.

ఇక్కడ నేను చేసిన వెధవ పని ఒప్పుకోవాలి. ఆవిడ గొంతును శ్రుతి దిద్దే పిచ్ కరెక్షన్ ప్లగిన్‌లో పెట్టి ఆ స్వరాన్ని మెట్టు మీదికి లాగాను, చెప్పకుండా. తర్వాతి శనివారం వినిపిస్తే తల పక్కకు వంచి విన్నారు. “ఎవరు పాడింది ఇది?” అన్నారు. “మీరే” అన్నాను. ఆవిడ ఏమీ అనలేదు. నీళ్ల సీసా తీసుకుని వరండాలోకి వెళ్లిపోయారు. ఆ ప్లగిన్‌ను కంప్యూటర్‌లోంచే తీసేశాను.

పరిష్కారం డీకన్ గారి దగ్గర దొరికింది, అదీ అడిగాక. “ఆ స్వరం నేను వాయించనులే. నా దగ్గర ఇంకా బోలెడున్నాయి.” షడ్జమం, పంచమం మాత్రమే పట్టుకుని గాంధారాన్ని గొంతుకూ గిటారుకూ వదిలేశారు. తగాదా తీరిపోయింది. నేను ఈక్వలైజర్‌తో మూడు సాయంత్రాలు కుస్తీ పట్టిన చోట, ఆయన ఒక వేలు ఎత్తారు.

గిటారుకు యాంప్‌లోని ట్రెమోలోనే (శబ్దం పెరుగుతూ తగ్గుతూ ఊగేలా చేసేది) వాడాను, గాస్పెల్ గిటారిస్టు పాప్స్ స్టేపుల్స్ దారిలో: పాట వేగానికి ట్రెమోలో ఊపు సరిపోవాలి, లేకపోతే ఈత రానివాడు నీళ్లు కొట్టినట్టుంటుంది. ఒక పాటలో మాత్రం యాంప్ గొంతు చించుకునేదాకా పెంచాను. ఇది చర్చికి మరీ రాక్ అయిపోతుందేమో అని నసిగితే, నది అవతల ఆర్కన్సా రాష్ట్రంలో కాటన్ ప్లాంట్ అనే ఊళ్లో పుట్టిన గాస్పెల్ గాయని సిస్టర్ రొసెటా థార్ప్ పేరు ఎత్తి డీకన్ గారు నవ్వారు. ఆవిడ ఎలక్ట్రిక్ గిటారుతో గాస్పెల్ పాడుతున్న నాటికి రాక్‌కు ఇంకా పేరు కూడా పెట్టలేదు. రాక్ హాల్ ఆఫ్ ఫేమ్ ఆవిడను గుర్తుపట్టింది 2018లో. యాంప్ తగ్గించలేదు.

ఇప్పటిదాకా: 2,150 డాలర్లు (యాంప్ వాల్వు 48), 97 గంటలు, 6 పాటలు, 31 నిమిషాల 40 సెకన్లు.

ఏడో దశ: మిక్సింగ్
జులై, ఆగస్టు

అందరూ ఒకే గదిలో వాయించారు కాబట్టి ఒక మైకు ముట్టుకుంటే నాలుగు మారతాయి. డ్రమ్స్ మైకులన్నీ ఆపేసి క్వయర్ జత ఒక్కటే పెట్టి వింటే పాట సగం అక్కడే ఉంది. మిక్స్ అక్కణ్ణుంచి మొదలుపెట్టాను, మిగతావి అవసరమైనంత మేరకే కలిపాను. ప్రతిధ్వని ప్లగిన్ ఒక్క పాటలోనూ వాడలేదు.

మొదటి మిక్స్‌ను సినిమా పాటల పక్కన పెట్టి, వాటిలా గట్టిగా ఉండాలని లిమిటర్‌తో (శబ్దం శిఖరాలను నొక్కేది) -8 ఎల్‌యూఎఫ్‌ఎస్ (గట్టితనం కొలత) దాకా తోశాను. చరణానికీ వ్యాంప్‌కూ మధ్య 11 డెసిబెల్స్ ఉన్న తేడా 3కు పడిపోయింది. పాట మొదలైనప్పుడే అరుస్తుంటే చివర్లో ఏం చేస్తుంది? స్పాటిఫై లాంటి చోట్ల మామూలుగా -14కు సర్దేస్తారు, కాబట్టి గట్టితనం కోసం ప్రాణం తీసుకోనక్కర్లేదు. -14 దగ్గర వదిలేశాను, తేడా 9 దాకా తిరిగి వచ్చింది. మాస్టరింగ్ (మిక్స్‌కు చివరి మెరుగు) బయట చేయించాం, పాటకు 60 చొప్పున 360.

ఇప్పటిదాకా: 2,510 డాలర్లు, 158 గంటలు.

ఎనిమిదో దశ: ఎవరి వాటా ఎంత
సెప్టెంబరు 6, 13

ఈ పని రికార్డింగ్ రోజే చేయాల్సింది. మాటలు ఎవరివి, వరస ఎవరిది, శాతాలు ఎంత అని కాగితం రాసి ఆ రోజే సంతకాలు పెట్టించుకోండి. మేం నాలుగు నెలలు ఆగాం, అప్పటికి ఎవరి జ్ఞాపకం వాళ్లది.

మూడు సొంత పాటలు పది నిమిషాల్లో తేలిపోయాయి. జనరేటర్ రాత్రి పాట దగ్గర ఆగాం. దాని వ్యాంప్‌లో ఒక చిన్న లైను ఉంది, నాలుగు మాటలు. పాట గుర్తుండేదే దానివల్ల. నేను రాయలేదు. సిస్టర్ తనది కాదన్నారు. డ్రమ్మర్ కుర్రాడు డీకన్ గారిదేనని పట్టుబట్టాడు, ఆయన తల అడ్డంగా ఊపారు.

ముడి రికార్డింగ్ తీశాను. ఆ రోజు రికార్డింగు ఆపకుండా వదిలేయడం ఒక్కటే నేను తెలివిగా చేసిన పని. 41వ నిమిషంలో, టేకుల మధ్య, వాన చప్పుడు, ఎవరో మంచినీళ్లు అడుగుతున్నారు. వాటి వెనక ఆల్టో వరసలోంచి ఒక గొంతు ఆ నాలుగు మాటలూ తనలో తాను అనుకుంటోంది. రెండోసారి అన్నప్పుడు ఆర్గాన్ కింద నుంచి మెల్లగా ఒక స్వరం కలిపింది. చప్పట్ల ఉపాయం చెప్పిన పెద్దావిడ.

13న ఆవిడకు వినిపించాను. తన గొంతును గుర్తుపట్టడానికి కొంచెం సేపు పట్టింది. కాగితంలో పేరు రాస్తాం, 20 శాతం అనుకుంటున్నాం అన్నాను.

“నాది కాదు బాబూ. మా అమ్మమ్మ బట్టలుతుకుతూ అనేది.”

అమ్మమ్మది మిసిసిపీ. ఆవిడ దగ్గరికి ఎవరి నుంచి వచ్చిందో తెలియదు. అచ్చయిందా, ఎప్పుడైనా ఎవరైనా రికార్డు చేశారా అని రెండు గంటలు వెతికాం, దొరకలేదు. 20 శాతం గడిలో ఏ పేరు రాయాలో తేలక డీకన్ గారు పెన్నుకు మూత పెట్టారు. ఆ గడి ఖాళీగానే ఉంది. వచ్చే శనివారం ఆవిడ తన చెల్లెల్ని తీసుకొస్తానంది, ఆమెకైతే మిగతా లైన్లు కూడా గుర్తున్నాయట. మైకులు సర్ది పెట్టమని బావమరిదికి చెప్పాను.